గుండెకు ఇంధనము కనుగొన్న సుబ్బారావు

యల్లాప్రగడ సుబ్బారావుగారి పేరు మన విద్యార్థులు ఔషధములతో జోడించి వినియుందురు. ఫోలిక్ ఆమ్లము, మెథోట్రెక్సేట్, బోదకాలు మందు – ఇవన్నియు ఆయన పరిశోధనాలయమునుండి వెలువడినవే. కాని ఆయనకు శాస్త్రలోకమున మొదట స్థానము కల్పించిన పరిశోధన కండరములను గూర్చినది. గుండెయు ఒక కండరమే. చివరకు ఆ కండరమే ఆగిపోయి ఆయన కన్నుమూసిరి. కావున ఆయన జీవితమును తెలిసికొనుట గుండెజబ్బును తెలిసికొనుటకు కూడ మంచి దారి.

సుబ్బారావుగారు 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన భీమవరములో జన్మించిరి. మెట్రిక్యులేషన్ పరీక్షలో రెండుమారులు తప్పి, మూడవమారు మద్రాసు హిందూ హైస్కూలునుండి ఉత్తీర్ణులైరి. మద్రాసు వైద్యకళాశాలలో చదువుచు ఖద్దరు ధరించినందున ఆచార్యుని ఆగ్రహమునకు గురియై, పూర్తి పట్టమునకు బదులు ఎల్.ఎం.ఎస్. యోగ్యతతో తృప్తిపడవలసి వచ్చెను. తోడబుట్టినవారిని సంగ్రహణి బలిగొనుట ఆయన మనస్సును గాఢముగ కలచివేసెను. కొంతకాలము మద్రాసు ఆయుర్వేద కళాశాలలో శరీరనిర్మాణశాస్త్రము బోధించి, మామగారి తోడ్పాటుతో 1922 అక్టోబరులో అమెరికాలోని బోస్టన్ నగరము చేరిరి. స్వదేశమునకు మరల రాలేదు. భార్య శేషగిరిగారిని మరల చూడలేదు.

హార్వర్డ్ విశ్వవిద్యాలయమున చదువుచు, పొట్టకూటికై ఆస్పత్రిలో చిన్న పనులు చేయుచు, ఆయన సైరస్ ఫిస్క్ అను ఆచార్యుని వద్ద చేరిరి. రక్తమూత్రములలోని భాస్వరమును కొలుచు పద్ధతిని వారిరువురు కలిసి 1925లో ప్రకటించిరి. ద్రావణములో పుట్టు నీలిరంగు గాఢతనుబట్టి భాస్వరము పాళ్లు తెలియును. ఫిస్క్-సుబ్బారావు పద్ధతి యను పేర అది ప్రపంచమంతట ప్రయోగశాలలకెక్కెను. ఆ కొలతకోలతోనే కండరమును పరీక్షింపగా 1927లో క్రియాటిన్ ఫాస్ఫేట్, 1929లో ఎ.టి.పి. అను పదార్థములు వారికి దొరకినవి. ఎ.టి.పి.ని అదే సంవత్సరము జర్మనీలో లోమన్ కూడ వేరుగా కనుగొనెను. కండరము కదలుటకు లాక్టిక్ ఆమ్లమే కారణమని అంతవరకు పండితులు నమ్మిన సిద్ధాంతము దీనితో కదలిపోయెను.

ఈ రెండు పదార్థములకు గుండెజబ్బుతో నేమి సంబంధమని విద్యార్థులు అడుగవచ్చును. ఎ.టి.పి. చేతిలోని చిల్లర వంటిది. క్రియాటిన్ ఫాస్ఫేట్ రొంటినున్న సంచి వంటిది. చిల్లర ఖర్చయిన కొలది సంచినుండి వచ్చి చేరుచుండును. సంచి నిండుటకు ప్రాణవాయువు కావలెను. అది రక్తముతోనే రావలెను. గుండె దినమునకు సుమారు లక్షసారులు కొట్టుకొనును. అందుకై అది ఒక్క దినములో తిరుగవేయు ఎ.టి.పి. ఇంచుమించు 6 కిలోలు. ఏ క్షణమునకాక్షణము నిలువయుండునది కొలది స్పందనములకు మాత్రమే చాలును. గుండెకే రక్తమునందించు ధమనులలో క్రొవ్వు పేరుకొని, దానిపై రక్తము గడ్డకట్టి దారి మూసికొనిపోయినచో, మొదట సంచి ఖాళీయగును, పిదప చిల్లర తరుగును. ఇదియే గుండెపోటు. రక్తము పూర్తిగ ఆగిన 20, 30 నిమిషములకు కండరము చచ్చుట మొదలిడును. గంట గడచినకొలది నష్టము విస్తరించును.

ఆకలిగొన్న ఆ కండరము తన బాధను పలువిధముల తెలుపును. ఛాతీ నడుమ బరువు పెట్టినట్లు, పట్టి పిండినట్లు ఉండును. ఆ నొప్పి ఎడమచేతికి, భుజమునకు, మెడకు, దవడకు పాకవచ్చును. చల్లని చెమట పట్టును, ఆయాసము కలుగును, కడుపులో త్రిప్పును. స్త్రీలకును, మధుమేహము గలవారికిని నొప్పి అంతగా లేకయే ఆయాసము, నీరసము మాత్రమే కనుపింపవచ్చును. గాలి పట్టినదని సోడా త్రాగి పరుండుటవలన ఎందరో ప్రాణములు కోల్పోవుచున్నారు. మెట్లెక్కునప్పుడు వచ్చి, నిలిచిన తోడనే తగ్గు ఛాతీనొప్పి, దారి ఇరుకైనదని ముందుగ వచ్చు హెచ్చరిక. నడచునప్పుడు పిక్కలు పట్టుకొని, ఆగినచో విడుచుట కాళ్ల ధమనులలోని ఇరుకునకు గుర్తు కావచ్చును. మూతి వంకరపోవుట, ఒక చేయి పట్టుదప్పుట, మాట ముద్దయగుట మెదడు నాళములకు కలిగిన ఆపద.

1940లో సుబ్బారావుగారు హార్వర్డ్ వీడి న్యూయార్కు రాష్ట్రములోని లెడర్లీ పరిశోధనాలయమున చేరిరి. బోదకాలు కలిగించు క్రిములపై పనిచేయు డైఇథైల్ కార్బమజైన్ 1947లో అక్కడినుండియే వెలువడెను. శ్రీకూర్మము మొదలైన మన శ్రీకాకుళము తీరగ్రామములకు బోదకాలు క్రొత్తది కాదు. ఇంటింటికి పంచిపెట్టిన ఆ మాత్రలు సుబ్బారావుగారి సొత్తని ఎరిగినవారు మాత్రము తక్కువ. ఇచట ఒక సంగతి గమనింపవలెను. కాలు వాచిన ప్రతివానికి బోదకాలే యనుకొనుట మన వాడుక. బోదకాలు చెడగొట్టునది రసనాళములను. తరచు ఒక కాలే హెచ్చుగ వాచును, జ్వరము వచ్చిపోవుచుండును, చర్మము మందమగును. గుండె బలహీనమైనచో రెండు పాదములును వాచును. వ్రేలితో నొక్కిన గుంట పడును. వెల్లకిల పరుండినచో ఆయాసము హెచ్చును. మూత్రపిండముల వ్యాధివలనను వాపు రావచ్చును. చూపుతో పేరు పెట్టక వైద్యుని చేత పరీక్ష చేయించుటయే ఉచితము.

పగలనక రాత్రియనక శ్రమించిన సుబ్బారావుగారు 1948 ఆగస్టులో, తమ 53వ ఏట, గుండె ఆగి మరణించిరి. గుండెపోటు రోగులకై ప్రత్యేక చికిత్సావిభాగములు నాటికి లేవు. గడ్డను కరగించు మందులు నేటివలె వాడుకలోనికి రాలేదు. మూసికొన్న ధమనిని తెరచు పరికరములు లేవు. తరువాతి దశాబ్దములలో గుండెపోటును నిర్ధారించుటకు వైద్యులు రక్తములో క్రియాటిన్ కైనేజ్ అను ఎంజైమును కొలిచిరి. సంచినుండి చిల్లరను చేతికందించునది ఆ ఎంజైమే. కండరము చచ్చినపుడు అది రక్తములోనికి కారును. ఇప్పుడు దాని స్థానమున ట్రోపోనిన్ పరీక్ష వచ్చినది.

ఆయనకు లేని సాధనములు నేడు మనకు కలవు. లేనిదెల్ల, సమయమునకు గుర్తించుట. రక్తపు పోటును, చక్కెరను కొలిపించుకొనుట, చుట్టను, మన ప్రాంతపు స్త్రీలలో కొందరికలవాటైన అడ్డపొగను మానుట ముందుజాగ్రత్తలు. లక్షణము కనుపించినచో తెల్లవారువరకు ఆగక 108కి కబురు చేయుట తక్షణకర్తవ్యము. పాఠశాలలో ఈ లక్షణములను నేర్చిన బాలుడు ఇంటికిపోయి తాతకు చెప్పగలడు. సుబ్బారావుగారి జీవితకథను తరగతిలో బోధించు ఉపాధ్యాయులు వాటిని కూడ అదే పాఠమున చేర్చి చెప్పవలెను.