చనిపోయి 70 ఏళ్లు దాటినా ఆమె కణాలు బతికే ఉన్నాయ్.. ఎవరీ హెన్రియెటా లాక్స్?

బయాప్సీ రిపోర్టు ఇంటికి తెచ్చుకుంటాం. మరి ఆ ముక్క? మైనపు దిమ్మలో బిగించి ల్యాబ్‌లోనే దాస్తారు. ఏళ్ల తర్వాత కూడా దాన్నుంచి డీఎన్ఏ తీసి, క్యాన్సర్ వెనకున్న జన్యుమార్పులు వెతకొచ్చు. అది రోగికి చెప్పి చేస్తున్నారా అనే ప్రశ్న వచ్చినప్పుడల్లా వినిపించే పేరు హెన్రియెటా లాక్స్.

1920లో అమెరికాలోని వర్జీనియాలో పుట్టిన నల్లజాతి మహిళ. నాలుగేళ్లకే తల్లి పోతే తాత దగ్గర పొగాకు చేలల్లో పెరిగింది. అయిదుగురు పిల్లల తల్లి. 1951 మొదట్లో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రికెళ్తే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ అని తేలింది. రేడియం చికిత్స చేస్తూనే డాక్టర్లు కణితి నుంచి చిన్న ముక్క తీసి జార్జ్ గై ల్యాబ్‌కిచ్చారు. ఆమెకు మాటమాత్రమైనా చెప్పలేదు. అప్పట్లో అడగాలన్న రూలే లేదు మరి. అక్టోబర్ 4న, 31 ఏళ్లకే ఆమె కన్నుమూసింది. ల్యాబ్‌లో కణాలు మాత్రం రోజుకో రెట్టింపు చొప్పున పెరిగాయి. అవే 'హీలా' కణాలు. పోలియో టీకా పరీక్షల్లోనూ ఇవే వాడారు.

దాచిన స్లైడ్‌లను దాదాపు 20 ఏళ్లకు మళ్లీ చూస్తే మొదటి నిర్ధారణ తప్పని, అది గ్రంథి కణాల్లో పుట్టే అడినోకార్సినోమా అని బయటపడింది. 1980ల్లో ఆ కణాల్లో హెచ్‌పీవీ-18 వైరస్ దొరికింది. 2013లో జన్యుపటం చదివితే, ఆ వైరస్ 8వ క్రోమోజోమ్‌లో క్యాన్సర్‌ను ఉసిగొల్పే మిక్ జన్యువు పక్కనే దూరి కూర్చుందని అర్థమైంది.

ఇదంతా కుటుంబానికి తెలిసింది 1973లో, పరిశోధకులు రక్తం కోసం వస్తే! 2013లోనూ ఓ బృందం వాళ్లనడక్కుండానే జన్యుపటాన్ని బయటపెట్టేసింది. అమ్మ జన్యువులంటే పిల్లలవి కూడా కదా. గొడవయ్యాక, ఆ డేటా ఎవరికివ్వాలో తేల్చే కమిటీలో కుటుంబానికి చోటిచ్చారు.

మన దగ్గరా ఇలాంటి గాయముంది. బాసర నుంచి గోదావరి వెంట దిగువకెళ్తే వచ్చే భద్రాచలం ప్రాంతంలో 2009లో బాలికలకు ఇదే హెచ్‌పీవీ టీకాలేశారు. చాలా పత్రాలపై తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారని 2013లో పార్లమెంటరీ కమిటీ తప్పుబట్టింది. టీకా మంచిదే కావచ్చు, అడగకపోవడమే తప్పు.

హెన్రియెటా సమాధికి 2010 దాకా రాయి కూడా లేదు. ఆమె కణాలతో లాభాలు గడించిందంటూ థర్మో ఫిషర్ కంపెనీపై వారసులు వేసిన కేసు 2023 ఆగస్టులో రాజీతో ముగిసింది. ఎంతిచ్చారన్నది బయటపెట్టలేదు.