పగలు విద్యార్థి, రాత్రి పనివాడు

పైదేశం చదువుకెళ్లే మా అన్నవరం పిల్లలు అక్కడ చేసే పూటపనిని ఇంట్లో చెప్పడానికి సిగ్గుపడుతున్నారు. వారి కోసమే మేమిది రాస్తున్నాము. భీమవరంలో 1895లో పుట్టి, రాజమండ్రిలో చదివిన డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికా వెళ్లి హార్వర్డులో చేరారు. స్కాలర్‌షిప్పు లేదు. అప్పటికే వైద్యం చదివిన మనిషి, రాత్రిళ్లు ఆసుపత్రిలో రోగుల మలమూత్రాల పాత్రలు కడిగారు. అయినా చదువు వదల్లేదు. 1930లో పిహెచ్.డి. పొందారు. 1940లో లెడర్లే కంపెనీలో చేరారు. ఆయన నడిపించిన పరిశోధనల వల్లే హెట్రజాన్ మందు వచ్చింది. మన గోదావరి జిల్లాలను పీడించిన బోదకాలు జబ్బుకు పంచిన బిళ్లలు అవే! 1948లో ఆయన అక్కడే కన్నుమూశారు. పిల్లలూ, కష్టపడి తిన్న మెతుకుకు సిగ్గేమిటి? ఇంటికి ఉత్తరం రాసేటప్పుడు ఆ పని సంగతి కూడా రాయండి.