టంకశాల నుండి బ్రాహ్మీలిపికి: జేమ్సు ప్రిన్సెప్ జీవితము

నాణెమునకు విలువ రెండు విధములు. మూసలో కరగించి చూచినపుడు తేలు విలువ యొకటి; దానిమీది అక్షరములను చదివినపుడు తేలు విలువ వేరొకటి. మొదటిదానిని నిర్ణయించుటయే వృత్తిగా గలవాడు రెండవదానికై ఆయుస్సును ధారవోయుట అరుదు. అట్టి అరుదైన పురుషుడు జేమ్సు ప్రిన్సెప్. బ్రాహ్మీలిపిని చదివినవాడుగా ఇతని పేరు భాషాశాస్త్ర విద్యార్థులందరు ఎరుగుదురు. కాని ఆ పఠనమునకు పూర్వరంగము నేలలో దొరకిన నాణెముల చిలుములో నున్నదను విషయము అంతగా ప్రచారము పొందలేదు. ఆ విషయమును ప్రధానముగా గైకొని ఇతని జీవితమును సంగ్రహముగా నిరూపించుట ఈ వ్యాసోద్దేశము.

ప్రిన్సెప్ 1799 ఆగస్టు 20వ తేదీన ఇంగ్లండులో జన్మించెను. తండ్రి జాన్ ప్రిన్సెప్ వంగదేశమున నీలిమందు వ్యాపారముచే ధనము గడించినవాడు; కంపెనీకి రాగినాణెములు ముద్రించి యిచ్చు గుత్తను కూడ కొంతకాలము నడిపినవాడు. జేమ్సు తొలుత అగస్టస్ ప్యూజిన్ వద్ద వాస్తుచిత్రలేఖనము నభ్యసించెను. కంటిజబ్బు కారణమున ఆ విద్యను మానుకొని, లండను టంకశాలలో లోహపరీక్ష నేర్చెను. 1819 సెప్టెంబరులో కలకత్తా చేరి, అచటి టంకశాలలో హోరేసు హేమన్ విల్సన్ క్రింద సహాయకుడయ్యెను. ఈ విల్సన్ లోహపరీక్షకుడే కాక ప్రసిద్ధ సంస్కృత పండితుడు. టంకశాలయు, ప్రాచ్యవిద్యయు ఒకే కప్పు క్రింద నుండుట ప్రిన్సెప్ భావిజీవితమునకు శుభసూచకమైనది.

1820లో ఇతడు కాశీ టంకశాలకు పరీక్షాధికారిగా బదిలీయై పదేండ్లు అచట నుండెను. నగరపటమును రచించెను, జనసంఖ్యను లెక్కించెను, మురుగునీరు పోవుటకు భూగర్భ మార్గము త్రవ్వించెను, కర్మనాశా నదిపై వంతెన కట్టించెను, శిథిలమగుచున్న ఔరంగజేబు మసీదు మీనారులను చక్కబరచెను. వెండి, బంగారము, ప్లాటినముల మిశ్రమములు కరగు తీరును బట్టి కొలిమి వేడిమిని కొలుచు పద్ధతిని గూర్చి వ్రాసిన వ్యాసము లండను రాయల్ సొసైటీ పత్రికలో 1828లో వెలువడెను. ఆ యేడే ఇతడు ఆ సంఘమున సభ్యుడయ్యెను.

లోహపరీక్షకుని పని యెట్టిదో ఇచట కొంచెము తెలుపవలసి యున్నది. వెండినాణెము నుండి తుంట తీసి, తూచి, సీసముతో చేర్చి, ఎముకబూడిద మూసలో పుటము పెట్టుదురు. సీసమును, అందలి రాగియు మూసలోనికి ఇంకిపోవగా మేలిమి వెండి మిగులును. దానిని మరల తూచినచో నాణెము వన్నె తెలియును. పరీక్ష ముగియునప్పటికి రాజు పేరు, సంవత్సరము, చిహ్నము ఏవియు మిగులవు. టంకశాలకు వచ్చిన పాతనాణెములకు తుదిగతి కొలిమియే. తన చేతులమీదుగా ఎంత చరిత్ర ద్రవమై పోవుచున్నదో ప్రతిదినము చూచుచుండినవాడు ప్రిన్సెప్.

కాశీ టంకశాల మూతపడగా 1830లో ఇతడు కలకత్తా చేరెను. 1832లో విల్సన్ ఆక్స్‌ఫర్డుకు వెడలినపుడు పరీక్షాధికారి పదవియు, ఏషియాటిక్ సొసైటీ కార్యదర్శిత్వమును ఇతనికి సంక్రమించెను. ఆ సంవత్సరమే సొసైటీ మాసపత్రిక ఇతని సంపాదకత్వమున వెలువడనారంభించెను. దేశమునందలి సైనికులు, ఇంజనీర్లు, వైద్యులు తమకు దొరకిన నాణెములను, శాసనముల నకళ్లను ఆ పత్రికకు పంపసాగిరి.

1830లో రణజిత్‌సింగు కొలువులోని వెంచురా సేనాని మాణిక్యాల స్తూపమును త్రవ్వించెను. ఏ లోతున ఏ నాణెము దొరకినది ఆ త్రవ్వకమున గుర్తింపబడినది. 1834లో సహరన్‌పూరు సమీపమున బేహట్ వద్ద కాలువపనిలో కాట్లీ అను ఇంజనీరుకు నేలకు సుమారు 17 అడుగుల క్రింద ప్రాచీన పట్టణ శిథిలములు, వానితో నాణెములు కనబడెను. కాట్లీ నాణెములతో పాటు మట్టిపొరల వివరములను కూడ పంపెను. ఛార్లెస్ మాసన్ ఆఫ్గనిస్థానములోని బేగ్రాము మైదానమున వేలకొలది రాగినాణెములు సేకరించెను. నాణెము వచ్చినచోటు నాణెమంత ముఖ్యమను సూత్రము ప్రిన్సెప్ పత్రిక పుటలలో ఇట్లు రూపు దాల్చినది.

నేలలో పూడిన రాగినాణెమును నీరు, మట్టిలోని లవణములు క్రమముగా తినివేయును. పైన ఆకుపచ్చని చిలుము పేరుకొనును. అక్షరముల గట్లు అనేక పర్యాయములు ఆ పొరలోనే నిలిచి యుండును. లోపలి లోహము అప్పటికే రూపు చెడియుండును. చింతపండు, బూడిద పెట్టి తోమినచో నాణెము తళతళలాడును గాని, చిలుముతో పాటు అక్షరములును పోవును. కావున ఒక్క నాణెమును నమ్ముకొని పఠనము సాగదు. ఒకదానిలో ఎడమవైపు రెండక్షరములు, వేరొకదానిలో కుడివైపు మూడక్షరములు నిలిచి యుండును. వానిని సరిపోల్చి పూర్తి పంక్తిని కూర్చవలెను. ప్రిన్సెప్ నాణెములను స్వయముగా చిత్రించి, ఫలకములను స్వయముగా చెక్కెను. కన్నులను బాధించిన పూర్వవిద్య ఇచట ఫలించినది.

వాయవ్య సీమల గ్రీకురాజుల నాణెములకు ఒకవైపు గ్రీకు, మరియొకవైపు తెలియని లిపి యుండెను. మినాండర్, అపొలొడోటస్ మున్నగు పేర్లు ఆ లిపిలో ఏ అక్షరములకు సరిపోవునో మాసన్ సూచించెను. ప్రిన్సెప్ ఆ సూచనను అతని పేరుతోనే ప్రకటించి, దానిని విస్తరించెను. ఈ లిపినే నేడు ఖరోష్ఠి యనుచున్నాము. మొదట ఇతడు అందలి భాష పహ్లవీ యని తలచెను. పిదప అది ప్రాకృతమని గ్రహించి తన పొరపాటును తానే దిద్దుకొనెను.

1837 మే నెలలో సౌరాష్ట్ర క్షత్రపుల చిన్న వెండినాణెములను పఠించుచు, షష్ఠీవిభక్తిని తెలుపు అక్షరమును ఇతడు గుర్తుపట్టెను. అదే కాలమున కెప్టెన్ ఎడ్వర్డ్ స్మిత్ పంపిన సాంచీ కంచెరాళ్ల నకళ్లు చేరెను. ఆ చిన్న శాసనములు పెక్కు ఒకే అక్షరముల జంటతో ముగియుచుండెను. ఆ జంటకు ముందు నాణెములలోని షష్ఠీ ప్రత్యయాక్షరమే కనబడెను. ఫలానివాని దానము అను అర్థము స్ఫురించినది. దకార నకారములు చేజిక్కగా తక్కిన అక్షరములు కొలది దినములలో వశమయ్యెను. పండితుడు కమలాకాంత విద్యాలంకారుడు ఈ కార్యమున తోడ్పడెను. వెంటనే ఢిల్లీ స్తంభశాసనము పఠింపబడెను. అందలి దేవానాంప్రియుడు సింహళరాజని ప్రిన్సెప్ తొలుత భ్రమించెను. సింహళచరిత్రజ్ఞుడు టర్నర్ ఆ బిరుదు అశోకునిదని నిరూపింపగా సంతోషముతో అంగీకరించెను. 1838లో గిర్నార్ శాసనమున గ్రీకురాజుల పేర్లు గుర్తించుటతో మౌర్యకాలమునకు స్థిరమైన తేదీ లభించెను.

పగలు టంకశాల, రాత్రి నాణెములు, నడుమ పత్రికాసంపాదకత్వము. 1835లో ప్రవేశపెట్టిన 180 గ్రెయినుల ఏకరూప రూపాయి విషయమున కూడ ఇతని శ్రమ గలదు. ఈ భారమును దేహము సహింపలేదు. 1838లో తీవ్రమైన శిరోబాధ సోకి, బుద్ధి మందగించెను. ఆ సంవత్సరాంతమున ఓడ నెక్కి స్వదేశము చేరినను కోలుకొనక, 1840 ఏప్రిల్ 22వ తేదీన, 40వ యేట, లండనులో మరణించెను. కలకత్తాలో గంగ యొడ్డున పౌరులు కట్టించిన ఘట్టము ఇతని పేరిట నేటికిని గలదు. ఇతని నాణెములు 1847లో బ్రిటిష్ మ్యూజియమునకు చేరెను.

ఆంధ్రదేశమునకు ఇతని ఋణము చిన్నది కాదు. ఎఱ్ఱగుడి అశోకశాసనములను, కోటిలింగాల నాణెములను మనము చదువగలుగుట ఆ 1837వ సంవత్సరపు ఫలమే. శాతవాహనుల వెండినాణెములలో ఒకవైపు ప్రాకృతమును, రెండవవైపు ద్రావిడభాషయు నున్నవి. ఆ భాషాస్వరూపమును గూర్చిన చర్చయు నాణెపు అంచున మిగిలిన నాలుగైదు అక్షరములపైననే ఆధారపడినది.

నేడు భూమిలోని లోహమును శబ్దముచే తెలుపు యంత్రములు వచ్చినవి. పొలములో దొరకిన నిధి పదిరూపాయల విలువకు మించినచో కలెక్టరుకు తెలుపవలెనని 1878 నాటి నిక్షేపముల చట్టము విధించుచున్నది. అయినను దొరకిన నాణెమును రహస్యముగా పైకి తీసి, తోమి, అమ్ముటయు, కరగించుటయు మానలేదు. చోటు తెలియని నాణెము సాక్ష్యము చెప్పలేదు. తోమిన నాణెము పేరు చెప్పలేదు. నాణెములను కరగించుట వృత్తిగా గల ఒక పరీక్షాధికారి వానిని కరగింపక చదువుటచే ఒక మహాచక్రవర్తి పేరును లోకమునకు తిరిగి యిచ్చెను. మన పొలములలో నింకను ఎందరు రాజుల పేర్లు ఆ పచ్చని చిలుము క్రింద నిలిచియున్నవో, అవి బయటపడునో, చింతపండు పులుసులో కలిసిపోవునో, అది నాణెము చిక్కిన చేతిపై నున్నది.