పక్షుల లెక్క వ్రాసిన ఫ్రాంక్ చాప్మన్

అమెరికా సంయుక్త రాష్ట్రములలో న్యూజెర్సీ యందలి ఎంగిల్‌వుడ్ అను ఊర 1864 వ సంవత్సరము జూను 12 వ తేదీని ఫ్రాంక్ చాప్మన్ జన్మించెను. పాఠశాల విద్య ముగిసిన పిదప కళాశాలకు పోక, న్యూయార్కులో నొక బ్యాంకియందు గుమాస్తాగా కుదిరెను. చేతిపని ధనపు లెక్కలే గాని, మనస్సు మాత్రము పక్షులయందే యుండెను.

ఆ కాలమున స్త్రీల టోపీలను పక్షుల యీకలతో నలంకరించుట వేడుక. 1886 లో చాప్మన్ న్యూయార్కు వీధులలో నడచుచు 700 టోపీలను లెక్కించగా, 542 టోపీలకు ఈకలుండెను. పక్షులకు కలుగుచున్న నాశనమును ఆ యంకెలే చాటెను. ఆ యేడే యతడు బ్యాంకి యుద్యోగమును విడిచెను. 1888 లో న్యూయార్కు ప్రకృతిశాస్త్ర ప్రదర్శనశాలలో చేరి, 1899 లో బర్డ్‌లోర్ అను పత్రికను స్థాపించెను.

క్రిస్మసునాడు కొందరు రెండు జట్లుగా చీలి, కనబడిన పక్షులను జంతువులను కాల్చి, ఎక్కువ చంపిన జట్టే గెలిచినదని సంతసించు నాచార మచట నుండెను. రక్షకుని జన్మదినమునకు తగని వేడుక యిది. చాప్మన్ దీనిని నిందించి యూరకుండక, చంపుటకు మారుగా లెక్కించుడని తన పత్రికలో కోరెను. 1900 డిసెంబరు 25 వ తేదీని 27 మంది, 25 చోట్ల, సుమారు 90 జాతులకు చెందిన 18,500 పక్షులను లెక్కించిరి.

ఒక్కయేటి లెక్క స్వల్పము; ఏటేట విడువక వ్రాసిన లెక్కయే జ్ఞానము. వెదకువారు పెరిగినకొలది పక్షులు నెక్కువగా కనబడును గావున, శాస్త్రజ్ఞులు పక్షుల సంఖ్యను వెదకిన గంటలతో భాగించి పోల్చెదరు. కెరొలైనా రెన్ అను గోధుమవన్నె పాటపిట్ట అమెరికా తూర్పు భాగమున నివసించును. అది చలికాలమున వలసపోదు. మంచు నేలను కప్పినచో మేత దొరకక చచ్చును. 1976 మొదలు 1978 వరకు వచ్చిన కఠిన శీతకాలములలో దాని సంఖ్య మిక్కిలి తగ్గెననియు, పిదప కోలుకొని యుత్తరమునకు వ్యాపించెననియు ఈ లెక్కలు తెలిపినవి. 1970 తరువాత ఉత్తర అమెరికాలో సుమారు 290 కోట్ల పక్షులు తగ్గినవని 2019 లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. వారికి తోడ్పడిన లెక్కలలో ఇదియు నొకటి.

చాప్మన్ 1945 నవంబరు 15 వ తేదీని మరణించెను. అతని లెక్క నేటికిని ఏటేట సాగుచున్నది.

బాలబాలికలారా! ఆ మొదటి 27 మందిలో నెవ్వరును తమ చిన్న పట్టిక నూరేండ్ల పిదప నింత యక్కరకు వచ్చునని యెరుగరు. అయినను చూచినది చూచినట్లు వ్రాసిరి. మీరును మన పాఠశాల చెట్లపై వ్రాలు పిట్టలను గుర్తించి, తేదీతో వ్రాసియుంచుడు. మరుసటి యేడును మానకుడు. సృష్టికర్త చేసిన చిన్న ప్రాణిని గమనించుటయు సేవయే.