భాగ్యరెడ్డివర్మగారి జీవితము

పేదవానికి న్యాయము ముందా, నడవడి ముందా యని లోకమున చిరకాలముగ వాదము జరుగుచున్నది. దీనులు మొదట తాగుడు మాని, శుచిగ నుండి, చదువు నేర్చినచో గౌరవము దానంతట నదియే వచ్చునని కొందఱందురు. అన్యాయము తొలగకముందే నడవడి మాట యెత్తుట దీనుల నవమానించుటయే యని మఱికొందఱందురు. ఈ రెండు పక్షముల వారును చూచి నేర్వదగిన మహనీయు డొకడు హైదరాబాదు నగరమున జనించెను. ఆయన భాగ్యరెడ్డివర్మగారు. ఆయన చరితమును ఇచట సంగ్రహముగ విన్నవింపదలచితిమి.

మెదకు జిల్లా ఎల్దుర్తి మొదలగు గ్రామముల సోదరులకు ఇది పరదేశపు కథ కాదు. ఆ గ్రామములు 1948 వఱకు నిజాము రాజ్యములోనివే. ఊరికిని వాడకును నడుమ గీచిన గీత తెలంగాణమున నెల్లెడల నుండెను. ఊరివారి బావి వాడవారికి నిషిద్ధము. దొరలకును అధికారులకును మూటలు మోయుట, కబురు కొనిపోవుట మొదలగు వెట్టిచాకిరి వాడవారి నెత్తిని బడియుండెను. ఈ బాధను సహింపలేకయో, పొట్టకూటికై పోయియో, పలువురు పల్లెలు విడిచి రాజధాని చేరిరి. పట్టణమున కూలి దొరకెను గాని గౌరవము దొరకలేదు. వర్మగారి సేవ యారంభమైనది ఈ జనుల నడుమనే.

ఆయన 1888వ సంవత్సరము మే నెల 22వ తేదీన హైదరాబాదులో ఒక మాల కుటుంబమున జన్మించెను. మాదరి వెంకయ్య, రాగమాంబ యనువారు తలిదండ్రులు. భాగయ్య యనునది తొలి పేరు. పేదరికమువలన పాఠశాలలో చదివినది స్వల్పమే. యౌవనమున ఒక క్రైస్తవ న్యాయవాది యింట పనికి కుదిరి, ఆ యింటి యాదరణముచే చదువు నభివృద్ధి చేసికొనెను. లోకమున జరుగుచున్న సంస్కరణములను గూర్చి తెలిసికొనెను. తన జనుల దైన్యము విధి వ్రాతగాక మనుష్యకృతమని అప్పుడే ఆయన మనస్సున నాటినది. మనుష్యులు చేసినదానిని మనుష్యులు మార్చవచ్చును గదా!

1906వ సంవత్సరమున, పదునెనిమిదేండ్ల ప్రాయమున, ఆయన జగన్మిత్రమండలిని స్థాపించెను. అక్షరము రానివారికి పుస్తకములిచ్చి ఫలమేమి? కావున ఆ మండలి హరికథలను సాధనముగ గైకొనెను. పగలు కాయకష్టము చేసి యలసినవారు రాత్రి వాడలో కథ వినుటకు గూడుదురు. కథతోపాటు తాగుడు కీడు, బాల్యవివాహముల కీడు, పిల్లలను బడికి బంపవలసిన యావశ్యకత వారి చెవినిబడును. పెండ్లికిని చావునకును అప్పులు చేసి కల్లు సారాయములు పోయించుటవలన ఎన్ని కుటుంబములు షావుకారుల పాలయ్యెనో వారికెఱుకయే. తమ వాడు తమ మాటలతో చెప్పుటచేత ఆ బోధ తలకెక్కినది. 1911లో ఆ మండలి మాన్యసంఘమయ్యెను.

దేవతలపేర ఆడుబిడ్డలను జోగినులనుగను బసివిరాండ్రనుగను విడుచు దురాచారముపై ఆయన తీవ్రముగ పోరాడెను. ఆ యాచారమున బలియగువారు పేదవాడల బాలికలు, దాని ఫలమనుభవించువారు ఊరి పెద్దలు. కావున దానిని ఖండించుట ఒక్కసారిగ ఇరువర్గములను నిలదీయుట యయ్యెను. జంతుబలులను మాన్పుటకును ఆయన పాటుపడెను. వాడలలోని తగవులను తీర్చుటకు పంచాయతీలు నెలకొల్పి, తన జనులు పోలీసుల చుట్టును కచేరీల చుట్టును తిరిగి నష్టపడకుండ చేసెను. ఆయన సేవను మెచ్చి ఆర్యసమాజము వారు 1913లో వర్మ యను బిరుద మొసగిరి.

సంఘసేవలన్నింటను మేము మిన్నగ నెంచునది ఆయన పాఠశాలలు. 1910 ప్రాంతమున ఇసామియాబజారు, లింగంపల్లి మొదలగు పేటలలో ఆరంభించి, క్రమముగ వానిసంఖ్య నించుమించు పాతికకు పెంచెను. రాజభాష ఉర్దూగా నుండి, తెలుగు బడులు అరుదుగా నున్న రాజధానిలో, ఏ బడియు రానీయని బిడ్డలకు ఆయన తెలుగున విద్య చెప్పించెను. బాలికల చదువుపై ప్రత్యేకశ్రద్ధ వహించెను. తరువాత నిజాము ప్రభుత్వము ఆ పాఠశాలల భారమును స్వీకరించెను. ప్రజలు చందాలెత్తి నడపినది పాలకులు తమ ధర్మముగ నంగీకరింపవలసివచ్చుటకంటె సంస్కర్తకు వేఱు విజయమేమున్నది?

ఇంతవఱకు చెప్పినది నడవడి పక్షము. ఇక న్యాయపక్షము. 1917వ సంవత్సరము నవంబరు నెలలో బెజవాడలో ఆంధ్రదేశ పంచమ మహాసభ జరిగెను. సభను సమకూర్చినవారిలో అగ్రవర్ణ సంస్కర్తలు నుండిరి. వర్మగా రధ్యక్షులు. పీఠము నెక్కి మొదట ఆయన ప్రశ్నించినది సభ పేరునే. వర్ణములు నాలుగని శాస్త్రములు చెప్పుచుండ ఐదవవాడెవ్వడు? పంచముడను మాట ఇతరులు తగిలించినదేగాని తమ జనులు కోరినది కాదనియు, వారు ఈ భూమికి మొదటివారనియు ఆయన వాదించెను. అంతట ఆ సభ ఆది ఆంధ్ర మహాజన సభ యయ్యెను. ఆ దినములలో అంటరానివారు కొండయెక్కి వత్తురేమోయను భయముచే కనకదుర్గ గుడి తలుపులు మూసిరనుట నాటి స్థితిని తెలుపుచున్నది.

పేరు మార్చినంత మాత్రమున కడుపు నిండునా యని అడుగువారుందురు. నిండదు. కాని యెవనిని పిలుచుటలోనే అవమాన మిమిడియున్నదో వాడు తన కూలిని, తన హక్కును గట్టిగ నడుగలేడు. ఈ సూక్ష్మము నెఱిగినవారు వర్మగారు. మదరాసు ప్రభుత్వము 1922లో ఆది ఆంధ్ర, ఆది ద్రావిడ నామముల నంగీకరించెను. హైదరాబాదులో వర్మగారి సంఘము ఆదిహిందూ సంఘసేవాసమితి యయ్యెను. 1931 జనాభా లెక్కలలో నిజాము ప్రభుత్వము వారిని ఆదిహిందువులుగ వ్రాయుట కొప్పుకొనెను. అదే యేట ఆయన భాగ్యనగర్ పత్రికను వెలువరించెను. అంతకు ముందు 1930లో ఉత్తర హిందూస్థానమున జరిగిన అఖిలభారత ఆదిహిందూ సభలలో పాల్గొని, రౌండు టేబులు సమావేశమునకు వెళ్లు అంబేద్కరుగారిని బలపఱచెను.

ఆదినివాసులన్న వాదమును గూర్చి ఒక్కమాట. ఈ దేశపు జనులందఱిలోను పలు ప్రాచీన జనముల రక్తము కలిసియున్నదని నేటి జన్యుశాస్త్రము తేల్చుచున్నది. ఎవరును కేవలము ఆదివారు కారు, ఎవరును కేవలము పరాయివారు కారు. అయినను వర్మగారి వాదములోని నీతి చెడలేదు. పుట్టుక చేత నీవు తక్కువవాడవన్నవానికి, పుట్టుక చేత నేను మొదటివాడనని ఆయన బదులిచ్చెను. ఆ బదులు కూలిన వెన్నును నిలిపినది. వెన్ను నిలిచిన పిదప సత్యము పుట్టుకకు సంబంధించినదే కాదని చెప్పుట సులభము.

అమెరికాలో నల్లజాతివారి నడుమను ఈ వాదమే చెలరేగినది. బుకర్ టి. వాషింగ్టన్ గారు 1881లో టస్కీగీయందు విద్యాలయము నడుపబూని, చేతిపనియు పొదుపును నడవడియు ముందని బోధించిరి. డబ్ల్యూ. ఇ. బి. డుబాయిస్ గారు హక్కులు వాయిదా వేయరానివని యెదిరించి, 1909లో హక్కులకై పోరాడు సంఘమును స్థాపించినవారిలో నొకరైరి. అచట ఇరువురు మహాపురుషులు పంచుకొని పోరాడిన రెండు పక్షములు ఇచట వర్మగారి యొక్క జీవితముననే పొందికగ నిమిడినవి. తన వాడలో తాగుడును గద్దించిన నోటితోనే ఆయన సభలలో గౌరవమును హక్కుగ నడిగెను. గద్దించుట తనవారిపై ప్రేమచేత. అడుగుట భిక్షగ కాదు.

ఆయన పనిలో కొఱతలు లేవనము. మాలలకును మాదిగలకును నడుమనున్న భేదమును ఆ యుద్యమము పూర్తిగ తుడిచివేయలేకపోయినది. మాదిగలు తమకు తగిన స్థానము లేదని తలచి వేఱు సంఘములు పెట్టుకొనిరి. పైవారి గీతను చెరుపబూనినవారు తమలోని గీతను చెరుపుట ఎంత కష్టమో దీనివలన తెలియుచున్నది. తరువాతివారు నేర్వవలసిన పాఠమును ఇందే యున్నది.

వర్మగారు 1939వ సంవత్సరము ఫిబ్రవరి 18వ తేదీన, ఏబదియొక్క యేండ్లు నిండకయే పరమపదించిరి. పదునొకండేండ్లకు, 1950లో, భారత రాజ్యాంగము అమలులోనికి వచ్చి, 17వ అధికరణముచే అంటరానితనమును రద్దుచేసెను. ఆయన చూడని ఆ దినమునకు దారి తీర్చినవారిలో ఆయన యొకరు.

చట్టము గుడి తలుపు తెఱువగలదు, మనస్సు తలుపు తెఱువలేదు. కావున ఎల్దుర్తి సోదరులారా, ఈ చరితము చదివి మెచ్చుకొని పుస్తకము మూయవలదు. మీ యూరి వాడబిడ్డ మీ బిడ్డ ప్రక్కన కూర్చుండి భుజించుచున్నదా? ఆ యింటి పెద్దను మీరు గారు చేర్చి పిలుచుచున్నారా? వాడవారు తాగుడు మాని చదువుకొనవలెనని మీరు కోరుదురేని, ఆ మాట చెప్పుటకు ముందు వారికి సమానమైన పీట వేయుడు. పీట వేసి చెప్పిన మాట ధర్మబోధ. వేయక చెప్పినది నింద. వర్మగారి జీవితము మనకు నేర్పినది ఇదియే.