అక్క మహాదేవి పాదయాత్ర

పన్నెండవ శతాబ్దపు శివశరణులలో అక్క మహాదేవి అగ్రగణ్యురాలు. ఆ తల్లి నేటి కర్ణాటకమందలి శివమొగ్గ జిల్లాలో, శికారిపురమునకు సమీపమున గల ఉడుతడి గ్రామమున జన్మించెను. తలిదండ్రులు నిర్మలశెట్టి, సుమతి అని సంప్రదాయము. బాల్యముననే ఇష్టలింగమును పొంది, శ్రీశైల చెన్నమల్లికార్జునునే పతిగా భావించెను.

ఆ ప్రాంతపు పాలకుడగు కౌశికుడు ఆమె సౌందర్యమునకు మోహితుడై వివాహమునకు పట్టుబట్టెను. వివాహము జరిగెనని హరిహర కవి తన రగళెలో వర్ణించెను. జరుగలేదని తరువాతి గ్రంథములు కొన్ని చెప్పుచున్నవి. ఏది ఎట్లున్నను, ఆమె సిరిసంపదలను, తుదకు వస్త్రమును సైతము త్యజించి, కేశములే ఆచ్ఛాదనముగా ఒంటరిగా బయలుదేరెను.

ఉడుతడి నుండి కల్యాణము తిన్నగా కొలిచినను 400 కిలోమీటర్లకు పైబడిన దూరము. భిక్షాన్నముతోను, పాడుపడిన గుడులలో నిద్రతోను ఆమె దినములు గడచెనని ఆమె వచనముల వలననే తెలియుచున్నది. కరతలమున లింగముండగా ఇంత దూరము నడువనేల? క్షేత్రమును చేరిన పిదప ఆరంభమగు పూజ కాదు ఆమెది. లింగధారికి దేహమే దేవాలయము గనుక, దేహము కదలినచో దేవాలయమే కదలును; అడుగు ఆగినను సాగినను అర్చన ఆగదు. తాను చేరదలచిన స్వామి నామమునే ఆమె తన వచనములకు అంకితముగా నిలుపుకొనెను. త్రోవలోని చిలుకలను, కోయిలలను, హంసలను పలుకరించి స్వామి జాడ అడిగిన వచనము ఆ ఏకాగ్రతకు సాక్ష్యము.

కల్యాణమున అనుభవమంటపములో అల్లమప్రభువు ఆమెను పరీక్షించెను. దేహాభిమానము తొలగినచో కేశములతో దేహమును కప్పుకొననేల అని ఆయన సంశయము. అది తన సిగ్గు వలన కాదనియు, చూచువారి మనస్సు కలత చెందకుండుటకనియు ఆమె వినయముతో విన్నవించెను. బసవేశ్వరుడు, చెన్నబసవేశ్వరుడు మున్నగు శరణులు వయస్సున చిన్నదైన ఆమెను అక్క అని గౌరవించిరి.

అంతటి ఆదరము లభించినను ఆమె అచట నిలువలేదు. మరల నడక సాగించి, కృష్ణాతీరమున నల్లమల అడవులను ప్రవేశించి, శ్రీశైలమందలి కదళీవనమున లింగైక్యమందెను. పాతాళగంగ నుండి పడవపై పోయి యాత్రికులు దర్శించు గుహలు నేటికిని ఆమె పేరుతోనే వెలయుచున్నవి.

శ్రీశైలమునకు నేడు వాహనములపై గడియలలో చేరుచున్నాము. త్రోవ పొడవునా మనస్సు లింగమునందు నిలిచినపుడే అది అక్క నడచిన త్రోవ యగును.