ఆరుద్ర: విజయనగరంలో చదువు.. మద్రాసులో పస్తులు.. తెలుగు తెరకు గూఢచారిని ఇచ్చిన కలం

2018లో అడివి శేష్ ‘గూఢచారి’ చూశారా? తెలుగు తెర మీద ఈ గూఢచారి ఆట అంతకు యాభై ఏళ్ల ముందే మొదలైంది. 1966లో వచ్చిన ‘గూఢచారి 116’ అప్పట్లో కుర్రకారును ఊపేసింది. కృష్ణకు ఆంధ్రా జేమ్స్‌బాండ్ అన్న పేరు తెచ్చిపెట్టింది. దాని వెనక ఉన్న కలం ఆరుద్రది.

అసలు పేరు భాగవతుల సదాశివ శంకరశాస్త్రి. 1925 ఆగస్టు 31న విశాఖపట్నంలో పుట్టారు. శ్రీశ్రీకి మేనల్లుడి వరుస. కాలేజీ చదువుకు విజయనగరం వచ్చారు. అక్కడ రోణంకి అప్పలస్వామి, చాసోల సావాసంలో అభ్యుదయ భావాలు ఒంటబట్టాయి. చదువు మాత్రం మధ్యలోనే ఆగిపోయింది. 1943లో వైమానిక దళంలో చేరి, 1947 దాకా పనిచేశారు.

ఆ తర్వాత మకాం మద్రాసుకు మారింది. తొలి రోజుల్లో జేబు ఖాళీ. పాండీబజారులో మంచినీళ్లతో కడుపు నింపుకున్న రోజులు ఎన్నో. ఆ కష్టకాలంలోనే రజాకార్ల అరాచకాల మీద ‘త్వమేవాహం’ కావ్యం రాసి కవిగా పేరు తెచ్చుకున్నారు.

సినిమా అవకాశం 1950లో ‘బీదల పాట్లు’తో వచ్చింది. ఫ్రెంచి నవల ‘లె మిజరాబ్ల్’ దానికి ఆధారం. జైలు నుంచి బయటపడి కొత్త బతుకు మొదలుపెట్టిన మనిషి, అతణ్ణి నీడలా వెంటాడే పోలీసు అధికారి. అంటే సినిమాల్లో ఆరుద్ర తొలి అడుగే ఒక వేట కథలో పడిందన్నమాట. ఆయన ‘పలకల వెండి గ్లాసు’ లాంటి డిటెక్టివ్ నవలలు కూడా రాశారు.

‘గూఢచారి 116’ తెలుగుతో ఆగలేదు. ఆ మరుసటి ఏడాదే హిందీలో ‘ఫర్జ్’గా వెళ్లి జితేంద్రను స్టార్‌ని చేసింది. 1971లో ఆరుద్ర ఇంకో సాహసం చేశారు. గుర్రాలు, తుపాకులు, నిధి వేటతో కౌబాయ్ కథ అల్లారు. అదే ‘మోసగాళ్ళకు మోసగాడు’. కె.ఎస్.ఆర్. దాస్ డైరెక్షన్‌లో రాజస్థాన్ ఎడారుల్లో తీసిన ఈ సినిమా ఇంగ్లిష్‌లో ‘ట్రెజర్ హంట్’గా కూడా వెళ్లింది. 2023 మే 31న కృష్ణ జయంతికి రీ-రిలీజ్ చేస్తే, తాతల నాటి సినిమాకు మనవళ్లు విజిల్స్ వేశారు.

ఇక్కడే అసలు ట్విస్ట్. ‘గూఢచారి 116’ వచ్చిన రోజుల్లోనే, 1965 నుంచి, ఆయన ‘సమగ్ర ఆంధ్ర సాహిత్యం’ సంపుటాలు వరసగా వెలువడ్డాయి. కవుల కాలాలు, రాజుల శాసనాలు, తాళపత్రాలు.. ఒక్కో ఆధారం పట్టుకుని వెయ్యేళ్ల సాహిత్య చరిత్రను తవ్వి తీశారు. ఒకవైపు తెర మీద గూఢచారి, మరోవైపు పుస్తకాల్లో పరిశోధకుడు. రెండు చోట్లా పని ఒకటే, దాగిన నిజాన్ని బయటికి లాగడం.

చివరికి కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు కూడా ‘గురజాడ గురుపీఠం’కే దక్కింది. అది 1987. విజయనగరంలో ‘కన్యాశుల్కం’ రాసిన గురజాడ మీద పుస్తకమది. చదువు సగంలో వదిలేసిన ఊరికి, ఆయన ఆ పుస్తకంతో మళ్లీ వచ్చినట్టయింది.

1998 జూన్ 4న ఆరుద్ర కన్నుమూశారు. కవిగా, పండితుడిగా ఆయన్ని అందరూ తలుచుకుంటారు. థ్రిల్లర్ల దగ్గరికి వచ్చేసరికి మాత్రం హీరో పేరే వినిపిస్తుంది. ఈసారి ఆ పాత సినిమా ఫోన్‌లో కనిపిస్తే, టైటిల్స్‌ని స్కిప్ చేయకండి.